పింఛను సంగతి సరే, పాపను ఎవరి చేతిలో పెట్టి వెళ్తావు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అనకాపల్లి జిల్లాలో ఒక పల్లె. నాకు 28 ఏళ్లు. మా ఆయన కాంట్రాక్టు కింద ఒక కంపెనీలో నాలుగేళ్లు చేశాడు. డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే బైక్ యాక్సిడెంట్ అయి పోయాడు. అప్పటికి చిన్నపాపకు మూడో నెల. ఇప్పుడు దానికి రెండేళ్ల ఏడు నెలలు. పెద్దపాపకు ఏడేళ్లు, రెండో తరగతి. నేను, పిల్లలిద్దరు ఒక కార్డులో ఉన్నాం. వితంతు పింఛను 4,000 వస్తోంది. జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తే ఇంకో మూడు వేలు వస్తాయి, చిన్నదాన్ని పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఇప్పుడు బట్టల ఫ్యాక్టరీలో పని ఉందన్నారు. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను చేతికి 11,800. కంపెనీ బస్సు ఉదయం ఏడుంపావుకి మా రోడ్డు మీదకి వస్తుంది, సాయంత్రం ఆరుంపావుకి దింపుతుంది. మా వీధి నుంచే ఐదుగురు వెళ్తున్నారు. చేరితే పింఛను తీసేస్తారని అందరూ భయపెడుతున్నారు. అది మంజూరు కావడానికే ఎంత తిరిగానో నాకే తెలుసు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, రోజంతా పాప వెనక పరిగెత్తలేదు. పెద్దపాపను ఈ ఒక్క ఏడాదీ ఇంట్లో ఉంచితే సరిపోతుందని అత్త అంటోంది. వచ్చే నెల ఒకటో తేదీకి చేరమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు అడిగింది పింఛను గురించి. నా కన్ను మాత్రం చివర్లో నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన అత్తగారి మాట దగ్గరే ఆగిపోయింది. అందుకే ముందు దాని సంగతి చెప్తాను.

పెద్దపాపను బడి మాన్పించొద్దు. ఏడాది కాదు కదా, ఒక్క నెల కూడా వద్దు. నేను అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసిన రోజుల్లో ఇళ్లకు వెళ్లి లెక్కలు రాసుకునేదాన్ని. ఎనిమిదేళ్ల పిల్ల చంకలో ఏడాది బిడ్డను వేసుకుని గుమ్మంలోకి వచ్చేది. బిడ్డ బరువుకి ఆ పిల్ల నడుము ఒక పక్కకి వంగి ఉండేది, బిడ్డను దింపాక కూడా అలాగే నిలబడేది. బడికి ఎందుకు వెళ్లట్లేదే అంటే, "అమ్మ పనికెళ్తే తమ్ముణ్ని చూడాలి కదండీ" అనేది. తమ్ముడికి మూడేళ్లు నిండి మా కేంద్రానికి వచ్చేసరికి ఆ పిల్ల రెండు తరగతులు వెనకబడేది. తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడి మళ్లీ బడి మెట్లెక్కని పిల్లలు నాకు పేరుపేరునా గుర్తున్నారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు బడి పిల్లల హక్కని 2009లో చట్టమే వచ్చింది, ఆ సంగతి అత్తగారికి చెప్పు. చట్టం మాట పక్కన పెట్టినా, రెండున్నరేళ్ల పిల్లను రోజుకు పదకొండు గంటలు కనిపెట్టుకుని ఉండటం ఏడేళ్ల పిల్లకు మించిన పని. పొయ్యి, నీళ్ల డ్రమ్ము, రోడ్డు, ఏదో ఒకటి చేతులు దాటిపోతుంది. అప్పుడు ఆ నింద ఏడేళ్ల పిల్ల మీద పడుతుంది, జీవితాంతం మోస్తుంది. అత్తగారు చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేననను. ఆవిడ కాలంలో అందరి ఇళ్లలోనూ అదే జరిగింది. నీ ఇంట్లో జరగనివ్వకు.

ఇక పింఛను. మన రాష్ట్రంలో నిబంధన ప్రకారం పల్లెల్లో కుటుంబం ఆదాయం నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. నీ జీతం ఆ గీత దాటుతుంది. నువ్వు చెప్పకపోయినా పీఎఫ్ కడుతున్నావంటే లెక్క ఎక్కడో ఒకచోట తేలుతుంది. కాబట్టి దాచిపెట్టి నెట్టుకొద్దామనుకోవద్దు, పింఛను పోతుందనుకునే లెక్క వేసుకో. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును నేరుగా అడుగు: జీతం ఇంత, ఎప్పటి నుంచి ఆగుతుంది, రేపు పని పోతే మళ్లీ దరఖాస్తుకు ఏం కావాలి అని. మీ ఆయన మరణ ధ్రువీకరణ పత్రం, పింఛను మంజూరు కాగితం, రైస్ కార్డు, ఆధార్ల నకళ్లు రెండేసి తీయించి ఒక కవర్లో పెట్టి పెట్టెలో దాచు. పని ఎప్పుడైనా పోవచ్చు, అప్పుడు కాగితాల కోసం మొదటి నుంచి తిరిగే ఓపిక ఉండదు.

ఇప్పుడు లెక్క. ఈ రోజు నీ చేతికి పింఛనూ జీడిపని కలిపి ఏడు వేలు. ఉద్యోగంలో 11,800. చిన్నపాపను చూసే మనిషికి మూడు వేలు ఇస్తావనుకుందాం, మిగిలేది 8,800. పెద్దపాపకు తల్లికి వందనం కింద ఏడాదికి 13,000 ఖాతాలో పడుతోంది కదా. దానికీ ఆదాయ పరిమితి ఇదే, అదీ పోవచ్చు. నెలకు సుమారు 1,080 తగ్గించు. మిగిలింది 7,720. అంటే రోజుకు పదకొండు గంటలు ఇల్లు విడిచి ఉంటే, ఇప్పటికన్నా నెలకు అదనంగా వచ్చేది 720 రూపాయలు.

ఈ అంకె చూసి నువ్వు వెనక్కి తగ్గితే నేను తప్పు పట్టను. నాకు కోపం వచ్చేది ఈ గీతలు గీసిన తీరు మీద. మొగుణ్ని పోగొట్టుకున్న ఆడది కూలికి పోయి చాలీచాలకుండా బతికినంత కాలం సాయం అందుతుంది. కాస్త నిలబడదామని అడుగేసిన నెలలోనే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. కేంద్రం మిషన్ వాత్సల్య కింద తండ్రి లేని పిల్లలకు తలకు నెలకు 4,000 చొప్పున ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఒకటుంది. దానికి పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు, పట్టణాల్లో 96,000. ఉద్యోగంలో చేరిన తల్లి దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. పింఛనును ఆరు నెలలో ఏడాదో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోతే, ఆ లోపు తల్లి కాళ్లు కూడదీసుకుంటుంది. ఈ మాట నేను సమీక్ష సమావేశాల్లో అధికారులతో అన్నాను, ఇక ముందూ అంటూనే ఉంటాను.

అయినా నువ్వు ఆ పనిలో చేరాలనే నా అభిప్రాయం. ఎందుకంటే 720 అన్నది మొదటి అయిదు నెలల లెక్క. పాపకు మూడేళ్లు నిండగానే అంగన్‌వాడీకి వెళ్తుంది, మధ్యాహ్నం భోజనం, గుడ్డు, పాలు అక్కడే. చూసే మనిషికి ఇచ్చేది సగానికి తగ్గుతుంది, బడిలో పడితే ఇంకా తగ్గుతుంది. పీఎఫ్ సంగతీ చూడు. నీ జీతంలో 12 శాతం కోస్తారు, యాజమాన్యం అంతే కలపాలి. అందులో కొంత రేపటి పింఛనుకు పోగా, నెలకు రెండు వేల వరకు నీ పేరున పెరుగుతుంది. ఈఎస్‌ఐ కార్డు మీద పిల్లలిద్దరికీ వైద్యం. జీడిపప్పు పొట్టు పనిలో ఇవేవీ లేవు, చేతుల చర్మం పోవడం తప్ప.

పీఎఫ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి అడుగుతాను. మీ ఆయన నాలుగేళ్లు కాంట్రాక్టు కింద చేశాడన్నావు. ఆయన జీతంలో పీఎఫ్, ఈఎస్‌ఐ కోసేవారా? పాత జీతం చీటీ గానీ, ఫోనులో పీఎఫ్ మెసేజ్ గానీ ఉందేమో వెతుకు, ఆయనతో పనిచేసినవాళ్లను అడుగు. పీఎఫ్ కట్టి ఉంటే ఖాతాలో సొమ్ము నీది. దానితోపాటు ఇన్సూరెన్స్ ఉంటుంది. పోయేనాటికి ఆయన వరుసగా ఏడాది పని చేసి ఉంటే అది కనీసం 2.5 లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు. నీకు నెలనెలా వితంతు పింఛను, పిల్లలిద్దరికీ 25 ఏళ్లు వచ్చేదాకా దానిలో నాలుగో వంతు చొప్పున వేరే పింఛను. సొమ్ముకు ఫారం 20, పింఛనుకు 10డి, ఇన్సూరెన్సుకు 5ఐఎఫ్. ఈఎస్‌ఐ ఉంటే, డ్యూటీకి వెళ్లి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్నీ పనిలో జరిగినట్టే ఆ చట్టం చూస్తుంది, కుటుంబానికి నెలనెలా జీతంలో 90 శాతం దాకా వస్తుంది. నువ్వు ఉద్యోగంలో చేరావని ఈ రెండూ ఆగవు. కాంట్రాక్టరు "ఏం లేదమ్మా" అన్నాడని ఊరుకోకు. పీఎఫ్ ఆఫీసుకు మీ ఆయన ఆధార్ తీసుకుని నువ్వే వెళ్లు. మన ఆర్టీసీ బస్సుల్లో ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్టు లేదు, వెళ్లిరావడానికి పోయేది ఒక పూట కూలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చిన్నపాపను ఎవరు చూస్తారు?

నా సంగతి చెప్తాను. నాకు 29వ ఏట భర్త పోయాడు. టౌన్లో ఒక కుట్టుపని షాపులో చేరి, ఏడాదిన్నర కొడుకుని పక్కింటావిడ దగ్గర వదిలి వెళ్లేదాన్ని. ఒకరోజు కరెంటు పోయి మధ్యాహ్నమే పంపేశారు. ఇంటికొచ్చి చూస్తే వాడి కాలికి పాత చీర కొంగు చుట్టి, రెండో కొస మంచం కోడుకి కట్టి ఉంది. వాడు ఏడవట్లేదు. అలవాటైపోయినట్టు ఆ చీర పోగులు పీక్కుంటూ కూర్చున్నాడు. చీలమండ చుట్టూ గాజు వేసినట్టు ఎర్రటి గీత. ఆవిడ నీళ్ల కోసం వీధి కుళాయి దగ్గరుంది. నేను అరిచేసరికి పరిగెత్తుకొచ్చి, "నూతి దగ్గరికి పోతున్నాడమ్మా, నాకేం దారి?" అని తనే ఏడ్చేసింది. ఆవిడ మంచి మనిషి. ఇంటెడు చాకిరీ, సొంత పిల్లలు ముగ్గురు, అందులో నా వాడు నాలుగోవాడు. నేను ఇచ్చే డబ్బుకి ఒక మనిషి తీరికను కొన్నాననుకున్నాను, ఆవిడకు తీరికే లేదని ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఆ షాపు మానేశాను. తర్వాత అంగన్‌వాడీ కార్యకర్తగా చేరింది కూడా బిడ్డను వెంట పెట్టుకోవచ్చనే. ఆ కేంద్రం దూలానికి చీర ఉయ్యాల కట్టి వాణ్ని అందులో పడుకోబెట్టి మిగతా పిల్లలకు పాటలు చెప్పాను.

అందుకే మనిషిని వెతికేటప్పుడు "మంచిదా" అని ఒక్కటే అడిగి ఊరుకోకు. పగలు ఆవిడకు ఇంకేం పనులున్నాయి, ఎంతమంది పిల్లలు, నీళ్లకు ఎంత దూరం పోవాలి, నుయ్యి మీద మూత ఉందా, పొయ్యి నేల మీదా గట్టు మీదా, మగవాళ్లు తాగి ఇంట్లో పడి ఉంటారా అని చూడు. చెప్పకుండా ఒకసారి మధ్యాహ్నం వేళ వెళ్లి చూడు.

ఫ్యాక్టరీలోనే పిల్లల గది ఉందేమో అడుగు. ఇది వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు. యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1948లోనే చట్టం చెప్పింది, 1976లో ఆ సంఖ్యను ముప్ఫైకి తగ్గించారు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా క్రెష్, అంటే పగలు పిల్లల్ని చూసుకునే గది, ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. 2025 నవంబరులో వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఆ మాట అలాగే ఉంది. కానీ చట్టంలో ఉండటం వేరు. ఒకచోట అలాంటి గది చూపిస్తే వెళ్లి చూశాను. గోడల మీద సీతాకోకచిలుకల బొమ్మలు వేశారు, ఉయ్యాలలకు ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. పిల్లలు లేరేంటని అడిగితే, కంపెనీ బస్సులో పిల్లల్ని ఎక్కనివ్వరట. ఇక ఆ గదిలోకి బిడ్డ ఎలా వస్తుంది? కాబట్టి చేరే ముందు మూడు మాటలు అడుగు: గది ఉందా, రెండున్నరేళ్ల పిల్లను తీసుకుంటారా, బస్సులో తీసుకురానిస్తారా. ఒక్కదానివే అడిగితే నవ్వి పంపేస్తారు. ఐదుగురూ కలిసి అడగండి.

రెండోది, మీ మండలంలో అంగన్‌వాడీతో కలిపి నడిపే క్రెష్ ఎక్కడైనా ఉందా అని అంగన్‌వాడీలను చూసే అధికారి, సీడీపీఓ ఆఫీసులో అడుగు. పాల్నా పథకం అంటే వాళ్లకు తెలుస్తుంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల దాకా, రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు చూస్తారు. ఒక కేంద్రానికి 25 మంది పిల్లలు, ఒక కార్యకర్త, ఒక ఆయా. మామూలు అంగన్‌వాడీలో మూడేళ్లలోపు పిల్లలకు పౌష్టికాహారం ఇంటికిస్తారు తప్ప రోజంతా ఉంచుకోరు. నీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ సందులో ఇరుక్కుంది.

అమెరికాలో 1996లో ఒంటరి తల్లులకు ఇచ్చే సర్కారు సాయానికి జీవితం మొత్తానికి ఐదేళ్ల గడువు పెట్టి, పనికి వెళ్లి తీరాలన్నారు. కటువైన చట్టం. అందులో కూడా, ఆరేళ్లలోపు బిడ్డను చూసేవాళ్లు దొరక్క పనికి వెళ్లలేని ఒంటరి తల్లికి ఆ కారణం మీద సాయం కొయ్యకూడదని రాసుకున్నారు. పక్కనే కర్ణాటకలో 2023లో ఉపాధి కూలీల పిల్లల కోసం పంచాయతీల్లో కూసిన మనెలు మొదలుపెట్టారు, అంటే పసిపిల్లల ఇళ్లు. తల్లి పని గురించి ఎవరు ఆలోచించినా బిడ్డ దగ్గరికి రాక తప్పలేదు. మన ఊళ్లో ఆ ఆలోచన మనమే మొదలుపెట్టాలి.

నాకు తోచిన దారి ఇది. మీ వీధి నుంచి ఆ బస్సెక్కే ఐదుగురిలో చిన్నపిల్లలున్నవాళ్లు ఎంతమందో చూడు. ముగ్గురున్నా చాలు. మీ డ్వాక్రా సంఘం మీటింగులో ఈ మాట ఎత్తు. ఇంటిపని ఎక్కువ లేని, ఓపిక ఉన్న ఒకావిడను అందరూ కలిసి పెట్టుకోండి. మనిషికి రెండున్నర వేలు ఇస్తే ఆవిడకు ఏడున్నర వేలు. అంత వస్తే ఆవిడ ఆ పనే ఉద్యోగంలా చేస్తుంది, నూతి దగ్గరికి పోతున్నారని ఎవరినీ కట్టెయ్యదు. నలుగురైదుగురు పిల్లలకు మించి ఒప్పుకోవద్దు. డబ్బు అయిదో తేదీలోపు ఇచ్చెయ్యండి, పండక్కి చీర పెట్టండి. ఆవిడకు జ్వరం వస్తే ఆ రోజు ఎవరు సెలవు పెడతారో ముందే అనుకోండి, లేకపోతే మొదటి జ్వరానికే ఏర్పాటు చెదిరిపోతుంది. మీ అమ్మను పదకొండు గంటలు అడక్కు. అప్పుడప్పుడు పగటిపూట వెళ్లి పిల్లల్ని ఒక కంట చూసి రమ్మను. మోకాళ్ల నొప్పులతో ఆవిడ చెయ్యగలిగింది అది, చాలా పెద్ద పని అది. అంగన్‌వాడీలో చేరాక తొమ్మిది నుంచి నాలుగు దాకా పాప అక్కడుంటుంది, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటల పైన మాత్రం చూసుకోవాలి. పెద్దపాప కూడా బడి నుంచి ఆ చూసే ఆవిడ ఇంటికే రావాలి. చెల్లితో ఆడుకోనివ్వు, చూసుకొమ్మని మాత్రం అప్పగించకు.

ఒకటో తేదీకి ఇవన్నీ కుదరవు. కుదరకపోతే తర్వాతి బ్యాచ్‌లో చేరు. బట్టల ఫ్యాక్టరీలకు కుట్టే చేతులు ఎప్పుడూ కావాలి, నెల ఆగితే ఆ పని ఎటూ పోదు. ఆ నెలలో పాపను అలవాటు చెయ్యి. మొదటి రెండు రోజులు నువ్వూ అక్కడే కూర్చో. తర్వాత గంట, ఆ తర్వాత పూట. దాని పాత దుప్పటి, తాగే గ్లాసు దానితోనే పంపు. ఏమార్చి మాయమవకు, వెళ్తున్నానని చెప్పే వెళ్లు. ఏడుస్తుంది. ఏడ్చినా, సాయంత్రం అమ్మ వస్తుందని పది రోజుల్లో దానికి అర్థమవుతుంది. చాటుగా వెళ్లిపోతే మాత్రం నువ్వు గుమ్మం దాటిన ప్రతిసారీ భయపడుతుంది. వీధిలో ఎవరో "డబ్బు కోసం పసిదాన్ని వదిలి పోతోంది" అంటారు. అన్నవాళ్లు నీ కిరాణా బాకీ కట్టరు.

ఆదివారం ఆ ఐదుగురినీ మీ అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడు. మీ ఆయన పీఎఫ్ నంబరు దొరికిందో లేదో, చూసే మనిషి ఎవరు కుదిరారో నాకు రాయి. పెద్దపాపకు ఎన్నో ఎక్కం దాకా వచ్చిందో అదీ రాయి.